ఇనుప అంతస్తు: చెకర్డ్ ప్లేటా, డెక్ షీటా, రైలు బోగీ నేలా?

“ఇనుమే కదా సార్, కాలడానికి ఏముంది?” వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల గోదాముల్లోనో దుకాణాల మీదనో ఇనుప అంతస్తు వేయించుకోవాలనుకునేవారి నోట నేను ఎక్కువగా వినే మాట ఇది. మాటలో తప్పు లేదు. ఇనుము కాలదు. అయితే కాలకపోవడం వేరు, మంటలో బరువు మోస్తూ నిలబడటం వేరు. కట్టడాల్లో వాడే ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల వేడి కావాలి. బలం సగానికి పడిపోవడానికి మాత్రం 550 నుంచి 600 డిగ్రీలు చాలు. అగ్ని పరీక్షలకు వాడే ప్రామాణిక కొలిమిలో అరగంటకే వేడి 840 డిగ్రీలకు చేరుతుంది, గంటకు 945 అవుతుంది. పైన ఏ రక్షణా లేని మామూలు ఐ సెక్షను (I ఆకారపు) దూలం ఆ కొలిమిలో పావుగంట, ఇరవై నిమిషాలకే చేతులెత్తేసే దశకు వస్తుంది.

మన పాత మిద్దెల్లోని లావాటి టేకు దూలం ఇంతకంటే నయం. అది అంటుకుంటుంది, నిజమే. కానీ నిమిషానికి ముప్పావు మిల్లీమీటరు కూడా తరగదు. పైన ఏర్పడిన బొగ్గు పొరే లోపలి కర్రను కాపాడుతుంది. కర్ర మండుతూ కూడా మోస్తుంది, ఇనుము మండకుండానే వదిలేస్తుంది. ఈ సంగతి ప్రపంచానికి తెలిసి నూటయాభై ఏళ్లు దాటింది. ఇంగ్లండులోని ష్రూస్‌బరీ దగ్గర 1797లో పూర్తయిన నార మిల్లుకు పోత ఇనుప స్తంభాలు, దూలాలు పెట్టి, వాటి మధ్య ఇటుక కమానులు కట్టి, అగ్నిభయం లేని కట్టడం అనుకున్నారు. ఆ నమ్మకంతోనే ఊళ్లకు ఊళ్లు ఇనుముతో కట్టారు. 1871లో షికాగో తగలబడినప్పుడు బయటికి కనిపించే ఇనుమంతా కుప్పకూలింది. ఆ తర్వాతే ఇనుమును మట్టిపెంకుతోనో కాంక్రీటుతోనో కప్పాలన్న తెలివి వచ్చింది.

అందుకే నా దగ్గరికి వచ్చినవారిని ఏ షీటు కావాలని అడగను. మంటలో అంతస్తు ఎన్ని నిమిషాలు నిలవాలి, కింది కట్టడం ఎన్ని కిలోలు మోయగలదు అని అడుగుతాను. ఎంపికంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. పోలిక కోసం రైలు బోగీని తెస్తున్నది కూడా అందుకే. కాజీపేట పక్కన బతుకుతూ రైలును ఉదాహరణగా తీసుకోకపోతే ఎలా!

భవనానికి గంటలు, బోగీకి నిమిషాలు

భవనంలో కింద మంట పుడితే పైనున్నవారు మెట్లు వెతుక్కుని దిగాలి, ఇరుకు సందుల్లోంచి ఫైరింజను రావాలి, సిబ్బంది లోపలికి వెళ్లి పనిచేయాలి. కాబట్టి లెక్క గంట దగ్గర మొదలై రెండు గంటలకూ అంతకు పైకీ పోతుంది. రైల్లో అలా కాదు. బండి ఆగాలి, జనం దిగాలి, అంతే. పట్టాల మీద నడిచే ప్రయాణ వాహనాల కోసం అమెరికాలో రాసుకున్న అగ్ని భద్రతా ప్రమాణంలో నేలకు ఒక చక్కని సూత్రం ఉంది: బండి సురక్షితంగా ఆగి ప్రయాణికులంతా దిగడానికి పట్టే సమయానికి రెట్టింపు కాలం నేల నిలవాలి, మామూలు రైళ్లకు అది ఎట్టి పరిస్థితిలోనూ 30 నిమిషాలకు తగ్గకూడదు. ఇల్లు కట్టేవారు కూడా గోడకు రాసి పెట్టుకోవలసిన సూత్రమిది.

ఇక కిలోలు. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీ పొడవు 23.54 మీటర్లు, వెడల్పు 3.24 మీటర్లు, అంటే నేల సుమారు 76 చదరపు మీటర్లు. దాని మీద పది సెంటీమీటర్ల కాంక్రీటు పోస్తే 18 టన్నులు. బోగీ ఖాళీ బరువే 40 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. అంత రాయిని దేశమంతా లాక్కుంటూ తిరగడం కుదరదు కాబట్టి రైలువారు పలచటి పొరల దారి పట్టారు. మన గోదాముకు చక్రాలు లేవు. బరువు మోయగల పునాది ఉన్నప్పుడు కాంక్రీటును కాదని పలచటి పొరల వెంట పరుగెత్తడం ఎందుకో నాకు అర్థం కాదు. అయినా ఈ మధ్య ఆ పరుగే ఎక్కువగా కనిపిస్తోంది.

చెకర్డ్ ప్లేటు: చౌక, వేగం, అంతకుమించి ఏమీ లేదు

ఛానెళ్ల (సీ ఆకారపు ఇనుప దూలాల) మీద 6 మిల్లీమీటర్ల చెకర్డ్ ప్లేటు, అంటే కాలు జారకుండా ఉబ్బెత్తు గీతలున్న ఇనుప పలక, పరిచి వెల్డింగు చేస్తే వారం రోజుల్లో అంతస్తు సిద్ధం. చదరపు మీటరుకు 50 కిలోల లోపే. రేపు విప్పి అమ్ముకోవచ్చు కూడా. కానీ అగ్ని లెక్కలో దీనికి వచ్చేది దాదాపు సున్నా. కింద మంట వస్తే ప్లేటు పైముఖం కొద్ది నిమిషాల్లోనే పెనంలా కాలుతుంది. మంట పైకి రాకపోయినా పైనున్న పత్తి, అట్టపెట్టెలు, గోనె సంచులు ఆ వేడికే అంటుకోగలవు. పరీక్షల్లో నేల పైముఖం వేడి సగటున 140 డిగ్రీలకు మించి పెరగకూడదనే నియమం ఉన్నది ఇందుకే. నేల కూలకుండా నిలిచినంత మాత్రాన సరిపోదు, వేడిని ఆపాలి కూడా. చెకర్డ్ ప్లేటు ఈ రెండో పని అసలు చేయదు. యంత్రాల చుట్టూ తిరిగే నడక దారికి, మెట్లకు అది మంచిదే. సరుకు పెట్టే, మనుషులు కూర్చునే అంతస్తుకు వద్దు.

గర్డర్లు, బండలు

గిర్మాజీపేట, మట్టెవాడ వైపు పాత ఇళ్లలో గర్డర్ల మీద షాబాదు బండలు పరిచిన కప్పులు ఇంకా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచి కింద దుకాణం పెట్టాలనుకునేవారు చాలామంది. బండ వేడిని కొంతసేపు ఆపుతుంది, కానీ కాలిన బండ మీద నీళ్లు పడితే పగులుతుంది. అంతకంటే ముఖ్యమైనది గర్డరు కింది అంచు, అది పూర్తిగా బయటికి కనిపిస్తూ ఉంటుంది. ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు: వేడెక్కిన ఇనుము సాగుతుంది. ఆరు మీటర్ల గర్డరు 600 డిగ్రీలకు వేడెక్కితే నాలుగు సెంటీమీటర్లకు పైగా పొడవు పెరుగుతుంది. రెండు చివరలూ ఇటుక గోడలో బిగించి ఉంటే ఆ నాలుగు సెంటీమీటర్లూ గోడనే నెడతాయి. కప్పు కంటే ముందు గోడ బయటికి పడటానికి కారణం అదే. ఇలాంటి ఇంట్లో బట్టల దుకాణమో ఫర్నిచరు దుకాణమో పెట్టేముందు గర్డర్లకు జాలీ చుట్టి కనీసం 40, 50 మిల్లీమీటర్ల కాంక్రీటు తొడుగు వేయించండి. అంతకుముందు తుప్పు గీకి, ఇనుము ఎంత మిగిలి ఉందో చూడాలి. సగం తిన్న గర్డరుకు తొడుగు వేయడమంటే పుచ్చు పన్నుకు బంగారు తొడుగు వేయడమే.

డెక్ షీటు మీద కాంక్రీటు

నా ఓటు ఎక్కువసార్లు దీనికే పడుతుంది. గాడులు తీసిన జింకు పూత షీటును, సాధారణంగా 0.8 నుంచి 1.2 మిల్లీమీటర్ల మందంలో, ఐ సెక్షన్ల మీద పరిచి, దూలం పైఅంచుకు స్టడ్డులు (కాంక్రీటును దూలానికి పట్టి ఉంచే ఉక్కు మేకులు) వెల్డింగు చేసి, మెష్ (సన్న కడ్డీల జాలీ) వేసి కాంక్రీటు పోస్తారు. సెంట్రింగు కర్రలు, పలకలు అక్కరలేదు. కింద వ్యాపారం నడుస్తుండగానే పైన పని జరిగిపోతుంది. మామూలు రోజుల్లో షీటూ కాంక్రీటూ కలిసి బరువు మోస్తాయి.

మంట వచ్చినప్పుడు షీటును లెక్కలోంచి తీసేయాలి. కింది నుంచి వేడి తగిలే మొదటి పొర అదే కాబట్టి త్వరగానే బలం కోల్పోతుంది. అప్పుడు మోసేవి కాంక్రీటులోని కడ్డీలు. ఇక్కడే మోసం జరుగుతుంది. మోసం అనేది పెద్ద మాట, పొదుపు అందాం. “షీటే కడ్డీల పని చేస్తుంది” అని చెప్పి మెష్ మాత్రమే వేసి ముగించేవారున్నారు. ఓ గోదాము పని చూడటానికి వెళ్లినప్పుడు ఆ మెష్ కూడా ఎత్తు బిళ్లలు లేక షీటుకు అతుక్కుని పడి ఉంది. మంటలో అందరికంటే ముందు వేడెక్కే చోటే అది. గంటకు మించి నిలవాలంటే గాడి గాడికీ ఒక కడ్డీ అడగండి. మెష్ పైభాగంలో ఉందో లేదో కాంక్రీటు పోసే రోజున స్వయంగా చూడండి.

మందం విషయంలో బ్రిటిష్ పట్టికల ప్రకారం గాడుల పైన ఉండే కాంక్రీటు గంటకు 70, రెండు గంటలకు 95 మిల్లీమీటర్లు కావాలి. గాడులు లేని మామూలు స్లాబుకు మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 గంటకు 95, రెండు గంటలకు 125 మిల్లీమీటర్లు చెబుతుంది. గుత్తేదారు “అయిదంగుళాల స్లాబు సార్” అన్నప్పుడు ఆ అయిదంగుళాలు గాడి అడుగు నుంచా, గాడి పైనుంచా అని అడగండి. 50 మిల్లీమీటర్ల లోతు గాడి ఉంటే తేడా అంతా అక్కడే తేలిపోతుంది.

ఈ పద్ధతి మీద నమ్మకం పెరగడానికి ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో 1990ల మధ్యలో చేసిన పరీక్షలు ఒక కారణం. ఎనిమిది అంతస్తుల నిజమైన ఉక్కు భవనం కట్టి, లోపల నిప్పు పెట్టి చూశారు. రక్షణ పూత లేని దూలాలు బాగా వంగినా అంతస్తు కూలలేదు. కాంక్రీటులోని మెష్ జోలెలా సాగి బరువును పట్టుకుంది. అయితే ఆ భవనంలో స్తంభాలకు రక్షణ ఉంది, అతుకులు సక్రమంగా ఉన్నాయి, మెష్ ఉండవలసిన చోట ఉంది. “కార్డింగ్టన్‌లో పూత లేకుండానే నిలిచింది కదా” అని మన గోదాములో స్తంభాలకు కూడా పూత మానేయమని చెప్పే ఇంజినీరు ఎదురైతే, వెంటనే వేరే ఇంజినీరును చూసుకోండి.

దూలానికి, షీటుకు మధ్య గాడుల దగ్గర ఖాళీలు మిగులుతాయి. వాటిని రాక్‌వూల్‌తో (మండని రాతి నారతో) నింపాలి, లేకపోతే దూలం పైఅంచుకు వేడి దొడ్డిదారిన చేరుతుంది. మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయే పని ఇదే.

దూలానికి ఏం తొడగాలి?

అంతస్తు ఎంత బాగున్నా దాన్ని మోసే దూలం బట్టలు లేకుండా నిలబడితే ప్రయోజనం లేదు. నాలుగు దారులున్నాయి. కాంక్రీటు తొడుగు బరువైనది, పని ఎక్కువ, కానీ లారీ తగిలినా చెక్కుచెదరదు. కింది అంతస్తు స్తంభాలకు, హమాలీలు బస్తాలు విసిరే చోట్లకు నేను వేరేది ఒప్పుకోను. వర్మిక్యులైటు అనే తేలికపాటి ఖనిజం కలిపిన జిప్సం స్ప్రే చౌక, రెండు గంటలు సులువుగా ఇస్తుంది. చూడటానికి మాత్రం పాత పిచ్చుక గూడులా ఉంటుంది, గీకితే రాలుతుంది. సీలింగు చాటున ఉండే దూలాలకు అది చాలు.

ఉబ్బే పెయింటు అందరికీ ముద్దు. మామూలు రంగులాగే కనిపిస్తుంది, 200 డిగ్రీలు దాటాక పూరీలా పొంగి తన మందానికి కొన్ని పదుల రెట్లు నురుగు పొరగా మారుతుంది. కానీ దీనికి షరతులు చాలా ఎక్కువ. ఎన్ని కోట్లు వేశారన్నది లెక్క కాదు, ఆరిన పొర ఎన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఉందన్నదే లెక్క. పలచటి సెక్షను త్వరగా వేడెక్కుతుంది కాబట్టి దానికి ఇంకా మందంగా కావాలి. అంటే ఇనుములో మిగుల్చుకున్న డబ్బు పెయింటులో పోతుంది. గంట వరకు ఇది బాగానే పనిచేస్తుంది. సన్నటి సెక్షన్లకు రెండు గంటలు కావాలంటే ఖర్చు చూసి మీరే వెనక్కి తగ్గుతారు. మీ సెక్షనుకు, మీరు కోరిన సమయానికి ఎంత మందం కావాలో పరీక్ష పత్రంలో చూపించమనండి. పని అయ్యాక కొలిచే గేజీతో పది చోట్ల కొలిపించండి. “ఫైర్ పెయింటు వేశాం” అన్న ఒక్క మాటకు డబ్బు ఇవ్వకండి.

నాలుగోది బోర్డులతో పెట్టెలా మూసేయడం. శుభ్రమైన పని, అతుకులు సరిగ్గా కలిస్తే నమ్మదగినది.

పొడి అంతస్తు, దానికి గురువైన బోగీ

సీ ఆకారపు పలచటి పర్లిన్లు (రేకు వంచి చేసిన సన్న దూలాలు), పైన 18 మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు, దాని మీద టైల్సు లేదా వినైల్. హనుమకొండలో కోచింగ్ సెంటర్లు, ఆఫీసుల మీద అదనపు అంతస్తులు ఇలాగే లేస్తున్నాయి. చదరపు మీటరుకు బోర్డు బరువు పాతిక కిలోల లోపే కాబట్టి పాత భవనం పునాది మీద భారం పడదు. నిజానికి ఇది రైలు బోగీ నేలకు దగ్గరి చుట్టం.

బోగీ నేల కథ కూడా మంటతోనే మొదలైంది. 1903 ఆగస్టు 10న పారిస్ మెట్రోలో కర్ర బోగీలు అంటుకుని, 84 మంది, చాలామంది కురోన్ స్టేషనులో, ఎక్కువగా పొగకే, చనిపోయారు. మరుసటి ఏడాది న్యూయార్క్ భూగర్భ రైలు మొదలైనప్పుడు పూర్తి ఉక్కు బోగీలు వచ్చాయి. ఉక్కు రేకు మీద నడిస్తే చప్పుడు, చలి, వేడి. అందుకని గాడుల రేకు మీద మెగ్నీషియం క్లోరైడుతో తయారైన సిమెంటు పూసి నున్నటి నేల చేసేవారు. గాడి అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండటంతో సిమెంటు ఊడిరాకుండా పట్టు దొరికేది. ఇవాళ్టి కొన్ని డెక్ షీట్లలో కనిపించే పావురం తోక ఆకారం అదే. మన పాత రకం ఐసీఎఫ్ బోగీల్లోనూ కింద గాడుల ఉక్కు రేకు, దాని మీద రెసిన్‌తో నొక్కి గట్టిపరచిన ప్లైవుడ్, పైన పీవీసీ పరుపు ఉంటాయి. ఆ రేకుకు మంట కంటే పెద్ద శత్రువు నీరు. మరుగుదొడ్ల పక్కన రేకు కింది నుంచి తుప్పు తినేసేది. అందుకే తుప్పు తక్కువ పట్టే ఉక్కుకు, ఎల్‌హెచ్‌బీలో స్టెయిన్‌లెస్‌కు మారారు.

ఈ కథలోంచి మన పొడి అంతస్తుకు పనికొచ్చేవి రెండున్నాయి. మొదటిది క్లోరైడు. మెగ్నీషియం బోర్డుల పేరుతో మార్కెట్లో దొరికే వాటిలో క్లోరైడు రకం వర్షాకాలపు తేమకు చెమట పట్టినట్లు ఉప్పునీరు కారుస్తుంది, కింద ఉన్న ఇనుమును, స్క్రూలను తినేస్తుంది. కొనేటప్పుడు సల్ఫేటు రకమేనా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. రెండోది, నేల ఎంత గట్టిదైనా దాని పైనా పక్కలా ఉన్న సామగ్రే ప్రాణాలు తీస్తుంది. 2003లో కొరియాలోని డేగు మెట్రో మంటలో 192 మంది చనిపోయింది బోగీ ఉక్కు కాలి కాదు, సీట్లు, లోపలి పలకలు, నేల పరుపు మండి. మనకు దూరం వెళ్లనక్కరలేదు. 2008 ఆగస్టు 1 తొలి గంటల్లో కేసముద్రం దగ్గర గౌతమి ఎక్స్‌ప్రెస్ నిద్రలో ఉన్న ముప్పై మందికి పైగా ప్రయాణికులను పొట్టన పెట్టుకుంది. 2023 జులైలో భువనగిరి దగ్గర ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ బోగీలు పూర్తిగా కాలిపోయాయి. కానీ అది పగలు. బండి ఆగింది, జనం దిగారు, ఒక్క ప్రాణం పోలేదు. దిగడానికి దొరికే నిమిషాల విలువ ఏమిటో ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

పొడి అంతస్తులో పలచటి పర్లిన్లు కొన్ని నిమిషాల్లోనే వేడెక్కుతాయి. వాటికి ఒక్కొక్కదానికి పూత వేయడం కుదరదు. కింద సీలింగే కవచం కావాలి. ఫైర్ రేటెడ్ జిప్సం బోర్డు రెండు పొరలు, అతుకు మీద అతుకు పడకుండా, పైన రాక్‌వూల్. జిప్సంలో బరువులో అయిదో వంతు నీరు బంధమై ఉంటుంది. అది ఆవిరై పోయేంతవరకు వేడిని పైకి రానివ్వదు. తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి లైట్ల కోసం ఆ సీలింగుకు ఇరవై గుండ్రటి రంధ్రాలు కోస్తాడు. కవచం పని అక్కడితో సరి. లైట్లు కింద వేలాడేవి పెట్టించండి, లేదా రంధ్రానికి రంధ్రానికీ పైన మూత కట్టించండి.

పఫ్ ప్యానెళ్ల గురించి ఒక్క మాట. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో చూసి, తేలిక కదా అని అంతస్తుకూ సీలింగుకూ అవే అడుగుతున్నారు. రెండు రేకుల మధ్య ఉన్నది మండే నురుగు, పొగ విషం. రాక్‌వూల్ నింపినవి దొరుకుతాయి, అవే తీసుకోండి.

ఎవరికి ఏది

పత్తి గోదాముకు పై అంతస్తే వద్దని మొదటి సలహా. బేలు 170 కిలోలు, లోపల రోజుల తరబడి నివురుగప్పి కాలుతుంది, ఆర్పడానికి పోసిన నీటినంతా తాగి ఇంకా బరువెక్కుతుంది. మంటలో బలం తగ్గిన నేల మీద బరువు పెరగడం కంటే చెడ్డ కలయిక లేదు. తప్పదంటే కాంక్రీటు తొడుగు దూలాలు, డెక్ షీటు, గాడికో కడ్డీ, రెండు గంటల లెక్క. సరుకు పైకెక్కించే లిఫ్టు దారికి తలుపులుండాలి. అది తెరిచి ఉంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా, మంటకు అదే పొగగొట్టం.

బట్టల దుకాణానికి, చిన్న ఆసుపత్రికి, క్లాసులకు డెక్ షీటే. ఆసుపత్రి అయితే రెండు గంటలకు తగ్గవద్దు, రోగి మెట్లు పరుగెత్తలేడు. పాత భవనం బరువు మోయలేనప్పుడు మాత్రమే పొడి అంతస్తు, అదీ సీలింగు కవచంతో, రెండో మెట్ల దారితో. ఇల్లయితే ఇనుప అంతస్తు జోలికే వెళ్లకండి. 125 మిల్లీమీటర్ల మామూలు స్లాబు, కడ్డీలకు తగిన కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) ఉంటే మీకు కావలసినది అప్పుడే ఉంది.

ఇటీవల వచ్చే మరో కోరిక, పాత బోగీలాంటిది పెట్టి హోటల్ నడపాలని. ముచ్చటైన ఆలోచనే. కానీ ఆ నేల జనం దిగేంతవరకు నిలవడానికి చేసినది, పొయ్యి కింద పన్నెండు గంటలు కాలడానికి కాదు. ప్లైవుడ్ మీద తందూరు పెట్టకండి. వంటగది పక్కన విడిగా, నేల మీద, ఇటుకతో కట్టుకోండి. సిలిండర్లు దానికీ అవతల. బోగీలో వడ్డన మాత్రమే ఉండనివ్వండి, రెండు చివరల తలుపులూ తాళం లేకుండా.